నిదానం బాబాయి కొత్త టర్బో

మా బాబాయికి భయం ఎక్కువ. దీన్ని మర్యాదగా చెప్పడానికి జాగ్రత్త, ముందుచూపు అని మంచి మాటలున్నాయి. అవేవీ కాదు, భయమే. లారీ ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో వేసి, దిగి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి ఆ దిమ్మల్ని కాలితో తన్ని చూసుకుంటాడు. అదీ చదునైన నేల మీద. లారీల స్టాండులో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ నిదానమే. "నిదానం అన్నా, రాత్రికి లారీని మంచం కోడుకి కట్టేసి పడుకో" అని ఏడిపిస్తారు. నవ్వి ఊరుకుంటాడు.

ఆ భయానికి కారణముంది. కుర్రతనంలో క్లీనరుగా పనిచేస్తున్నప్పుడు, కొండ దిగుతుంటే బ్రేకులు పోయాయి. డ్రైవరు "దూకెయ్ రా" అన్నాడు. బాబాయి దూకాడు. డ్రైవరు దూకలేదు. ఇంతకు మించి ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా అదే కొండ మీదకి సిమెంటూ ఇనుమూ మోస్తూ బతికాడు. ధైర్యం వచ్చి కాదు, ఇంకో పని రాక.

పక్క సీట్లో ఎప్పుడూ పిన్ని ఉంటుంది. లోయ వైపు అంచు చూసి చెప్పడం ఆమె పని. "ఉంది, ఉంది, ఇంకా రా, చాలు, తిప్పు." ఆ గొంతు వినపడకపోతే బాబాయి మలుపు తిప్పలేడు. అద్దం ఉండగా పెళ్ళాం ఎందుకని అడిగినవాళ్ళకి పిన్నే జవాబు చెప్పేది. "అద్దం తిట్టదు కదా, అందుకు."

నేను కాలేజీ మానేశాక ఇంట్లో పొసగక, వాళ్ళ దగ్గరే ఉంటూ లారీ మీద తిరుగుతున్నాను. అందువల్ల ఇదంతా దగ్గరుండి చూశాను.

లారీ పాతది, ముందుకి ముక్కున్న రకం. లోడుతో కొండెక్కుతుంటే పై మలుపు దగ్గర ఊపిరందక మూలిగేది. అక్కడ ఆగిపోతే వెనక్కి జారుతుందని బాబాయికి నిద్ర పట్టేది కాదు. ఇంజనుకి ఎక్కువ గాలి తోసే పెద్ద టర్బో వేస్తే బలం పెరుగుతుందని ఎవరో చెప్పారు. పాత సామాన్ల కొట్టులో ఇంకో పెద్ద బండిది దొరికింది. మెకానిక్కుకి ఇస్తే ఏదో ఒక బోల్టు వదులుగా వదిలేస్తాడని భయపడి స్టాండు పక్కనున్న షెడ్డులో తనే బిగించుకున్నాడు. ఎక్కడా చుక్క ఆయిలు కారకూడదని ప్రతి అతుకు దగ్గరా గాస్కెట్ గమ్ము దట్టంగా పట్టించాడు.

"గోడకి మెత్తుతున్నట్టు మెత్తుతున్నావేంటయ్యా?" అంది పిన్ని.

"కారితే నువ్వు తుడుస్తావా?"

"రోజూ తుడిచేది ఎవరనుకుంటున్నావ్?"

సెల్ఫు కొడితే ఇంజను అందుకుంది, కానీ దాని తీరు బాగా లేదు. బానెట్టు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. శబ్దం మధ్యమధ్యలో తప్పుతోంది. పొగగొట్టం నుంచి నీలం పొగ వచ్చి షెడ్డు రేకుల కింద పేరుకుంది. ఆ రోజు సాయంత్రంలోగా కొండ మీద దించాల్సిన సిమెంటు బస్తాలు అప్పటికే వెనక నిండుగా ఉన్నాయి.

పక్క షెడ్డు వెల్డరు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని వచ్చాడు. "జలుబు చేసినట్టుంది అన్నా. ఆవిరి పట్టు."

"నవ్వకురా. ఎక్కడో తేడా ఉంది."

"కొత్త సామానన్నాక తేడా ఉండదా? కొండకి ఓసారి తోలు, అదే సర్దుకుంటుంది."

బాబాయి వినలేదు. ఇంజను ఆడుతుండగానే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి, శబ్దం విని, మళ్ళీ బిగించాడు. నట్టు వదిలినా శబ్దం మారలేదంటే ఆ సిలిండరు చచ్చినట్టు. ఇక్కడ ఏది వదిలినా మారుతోంది. అంటే అన్నీ పనిచేస్తున్నాయి, అయినా బండి వణుకుతోంది. డీజిల్ లైనులో గాలి చేరిందేమోనని చేతిపంపు కొట్టాడు. బుడగ రాలేదు. వెతికిన చోటల్లా అంతా బాగానే ఉంటే అతని మొహం తేలికపడాలి. ఇంకా పాలిపోయింది.

చివరికి ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకి వచ్చే లావు రబ్బరు పైపు ఊడదీశాడు. టర్బో నోట్లో వేలు పెట్టి చూశాడు. వేలంతా ఆయిలు.

"గాలి పోయే చోటుకి ఆయిలెందుకొచ్చింది?" అన్నాడు, మాలో ఎవరితోనూ కాదు.

"కొట్లో ఉన్నప్పటిది అయ్యుంటుంది. గట్టిగా ఓసారి రేసివ్వు, ఊదేస్తుంది" అన్నాడు వెల్డరు. "అసలు నీకు లారీ కాదన్నా, తోపుడు బండి కరెక్టు."

ఆ మాటకి పిన్ని కూడా నవ్వింది. బాబాయి నవ్వలేదు. పైపు మళ్ళీ తొడగకుండానే క్యాబిన్ ఎక్కాడు. టర్బో లోపల చక్రం తిరగడం చూసి చెప్పమన్నాడని పిన్ని టార్చి పట్టుకుని ఇంజను పక్కన నిలబడింది. నేను ఈ వైపు ఉన్నాను.

స్టార్టు చేసి కాలితో కొంచెం తొక్కి వదిలాడు. కాలు తీశాడు. శబ్దం తగ్గలేదు.

పెరిగింది.

అలాంటిది నేనెప్పుడూ వినలేదు. ఎవరూ తొక్కకుండా ఇంజను దానంతటది గొంతు పెంచుకుంటోంది. బాబాయి తాళం తిప్పేశాడు. ఆపే కేబులు చివరిదాకా లాగాడు. అయినా ఆగలేదు. డీజిల్ ఆపేస్తే ఆగాలి, కానీ అది తాగుతున్నది డీజిల్ కాదు. టర్బోలోంచి కారిన తన ఆయిలే తాగుతోంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. నీలం పొగ తెల్లగా, చిక్కగా మారి మా మొహాల మీదకి వచ్చింది. ఆ లారీ తునాతునకలవుతుందని, ఆ ముక్కలకి ముందు మా కాళ్ళు తెగుతాయని నాకు అనిపించింది.

వెల్డరు పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. తలుపు తీసుకుని బాబాయి దూకాడు. షెడ్డు గేటు దాకా ఒక్క ఉరుకున వచ్చాడు. అక్కడ వెనక్కి తిరిగి చూశాడు.

పిన్ని కదల్లేదు. ధైర్యం కాదు. కాళ్ళు రాలేదు. టార్చి వెలుగుతూనే ఉంది, నోరు తెరిచే ఉంది, అరుపు మాత్రం బయటికి రావడం లేదు.

"ఒసేయ్! వచ్చెయ్!"

ఆ మోతలో అతని మాట నాకే సరిగ్గా వినపడలేదు. ఆమెకేం వినపడుతుంది? బాబాయి తల పట్టుకున్నాడు, గేటు బయటికి ఒకడుగు వేశాడు, మళ్ళీ ఆగాడు. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే పొగలోకి పరిగెత్తాడు. పిన్నిని భుజం పట్టి ఒక్క తోపు తోశాడు, ఆమె పక్కనున్న టైర్ల మీద పడింది. కింద తెరిచి ఉన్న సామాన్ల పెట్టె రేకు మూత ఊడబెరికి, రెండు చేతులతో టర్బో నోటికి అడ్డం పెట్టి అదిమాడు. ఇంజను ఆ మూతని లోపలికి పీల్చుకుంది. గాలి అందక ఒకసారి దగ్గింది. ఒకసారి లారీ అంతా ఊగింది.

చచ్చింది.

ఇంజను ఆగినా బాబాయి మూత వదల్లేదు. పిన్ని లేచొచ్చి అతని వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీయాల్సి వచ్చింది.

"దూకేశాను" అన్నాడు ఆమెతో. "మళ్ళీ దూకేశాను."

"తిరిగొచ్చావుగా."

"లేటుగా వచ్చాను."

"నోర్మూసుకుని కూర్చో" అంది పిన్ని. ఆమె చెంబుతో నీళ్ళు అతని నోటికి అందించేలోగా సగం చొక్కా మీదే ఒలికాయి.

కాసేపటికి వెల్డరు తలొంచుకుని వచ్చాడు. బాబాయి ఇంజను చల్లారాక టర్బో విప్పుతుంటే అతన్ని స్పానరు ముట్టుకోనివ్వలేదు. టర్బోకి పైనుంచి వచ్చిన ఆయిలు, పని అయ్యాక, అడుగున ఉన్న లావు పైపు గుండా కింద ఆయిలు నిలిచే చాంబరులోకి పోవాలి. ఆ పైపు అతుకు విప్పితే సంగతి బయటపడింది. బిగించినప్పుడు గమ్ము లోపలికి పొంగి, ఎండి, దారిని దాదాపు పూర్తిగా మూసేసింది. కిందకి పోలేని ఆయిలు గాలి దారిలోకి తన్నుకొచ్చింది. బయట చుక్క కారకూడదని పూసిన గమ్మే ఇది.

బాబాయి ఆ గమ్ము ముక్కని గోటితో పెళ్ళగించి అరచేతిలో పెట్టుకుని చూశాడు. నేను ఏదో అనబోయాను. పిన్ని నా వైపు చూసిన చూపుకి ఊరుకున్నాను.

గొట్టాల్లో నిలిచిన ఆయిలంతా తుడిచి, చాంబరులోనూ కొత్త ఆయిలు పోసి, ఈసారి అక్కడ గమ్ము లేకుండా ఉత్త గాస్కెట్ అట్ట పెట్టి బిగించేసరికి ఆ రోజు గడిచిపోయింది. మర్నాడు ఉదయం స్టార్టు చేస్తే ఇంజను ఒకే శ్రుతిలో ఆడింది. వణుకు లేదు, పొగ లేదు. ఆపాడు. మళ్ళీ స్టార్టు చేసి ఆపాడు. అలా ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఆగింది.

నిన్నే దించాల్సిన సిమెంటు ఇంకా వెనకే ఉంది.

"నువ్వు రావద్దు" అన్నాడు పిన్నితో. "వీడొస్తాడు."

"వీడికి అంచేం తెలుసు? వీడు కొండవైపు కూర్చున్నా లోయలోకి తోసేస్తాడు."

"దారిలో మళ్ళీ అలా అయితే?"

"అయితే దూకమని చెప్పు. దూకుతాను." అని ఎక్కి కూర్చుంది.

కొండదారి మొదలైంది. కొత్త టర్బో బలం నిజమే. లారీ ఇదివరకు మూలిగిన చోట ఇప్పుడు హాయిగా లాగుతోంది. ఆ హాయికే బాబాయికి ముచ్చెమటలు పట్టాయి. ఇంజను గొంతు కాస్త పెరిగితే చాలు, కాలు ఎత్తేసేవాడు. పాత వేగాన్ని మించి ఒక్క పిసరు పోనివ్వలేదు. వెనక లారీలవాళ్ళు హారన్లు కొట్టి, బూతులు తిట్టి, దాటుకుపోయారు.

"ఇంకొంచెం తొక్కొచ్చుగా" అన్నాను.

"తొక్కితే ఎక్కుతుందిరా, అది నాకూ తెలుసు. వదిలితే ఇంజను గొంతు దిగుతుందో లేదో?"

పై మలుపు వచ్చింది. లోయ వైపు నేను చూడలేదు. "ఉంది, ఉంది, ఇంకా రా" అంటున్న పిన్ని గొంతు మధ్యలో ఒకసారి విరిగింది. స్టీరింగు మీద బాబాయి చేతులు ఆగిపోయాయి. ఆమె గొంతు సవరించుకుని "రా" అంది. తిప్పాడు.

పైన సిమెంటు దించే చోట లారీ ఆపి, కేబులు లాగాడు. శబ్దం పోయింది. బస్తాలు దించేవాళ్ళు వచ్చి వెనక తలుపు కొడుతున్నారు. మేం దిగలేదు.

"ఆగిందా?" అన్నాడు బాబాయి.

"ఆగిందయ్యా" అంది పిన్ని.

"సరిగ్గా విను."

ఆమె కళ్ళు మూసుకుని వింది.