అమ్మ భుజం

వలిసె గింజల నూనె కాగే వాసన వస్తే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. నాకు ఆరేళ్లప్పుడు కట్టెల మోపుతో కొండవాలులో పడి అమ్మ భుజం బిగిసిపోయింది. చెయ్యి పైకి లేచేది కాదు. రోజూ పొద్దున్నే నాయనమ్మ ఆ నూనె రాసి, అమ్మ చెయ్యి పట్టుకుని థింసా నాట్యం అడుగులు వేయిస్తూ ఊపేది. అమ్మ మూలిగేది. మోపు పడేసినందుకు శిక్ష అనుకుని నూనె గిన్నె దాచేశాను.

"నూనె లేకపోతే ఏటి? ఆడకపోతే సెయ్యి కర్రైపోద్ది గుంటా. నువ్వూ పట్టుకో" అంది నాయనమ్మ.

నేను అమ్మ వేళ్లు పట్టుకుని చెయ్యి పైకెత్తాను.

"ఆపీమంటావేటమ్మా?" అని అడిగాను.

"ఇంకాస్త పైకెత్తు" అంది అమ్మ.

వానలు పడేనాటికి అమ్మ రెండు చేతులా నన్నెత్తుకుంది. నాయనమ్మంటే నాకు భయం మాత్రం పోలేదు. రోజూ ఆమెను పిలిచి చేయించుకున్నది అమ్మేనని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.