రెండుసార్లు లెక్కపెట్టిన నడిమి పోగు

నలభై రెండేళ్ల వయసులో నేను కంప్యూటరు ముందు కూర్చున్నది సరదాకి కాదు. మా కార్ఖానా మాలక్, అదే యజమాని, దీపావళికల్లా చేతిమగ్గాలు తీసేస్తానని చెప్పేశాడు. చద్దరు దుప్పట్ల మీది పువ్వులను ఇకపై కంప్యూటరులో గీయాలట. నేర్చుకుంటే ఆ పని నాకిస్తానన్నాడు, లేకపోతే నా దారి నేను చూసుకోవాలి. మొత్తం సోలాపూర్‌లో మగ్గం తప్ప నాకు తెలిసిన దారేదీ లేదు.

నీలం నగర్‌లో మా ఇంటి వెనక వీధిలోనే క్లాసు. నేర్పేది ఇక్కడి మా తెలుగువాళ్ల పిల్లే, నా కూతురి ఈడుది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తుంటే ఆపరేషను గదిలోకి పోతున్నట్టే ఉండేది. ఏది నొక్కితే ఏం పేలుతుందోనని ఒక్క వేలితో నొక్కేవాణ్ణి. "అది కరవదు కాకా!" అని ఆ పిల్ల నవ్వేది. నాకు ఒళ్లు మండేది, కానీ ఏమంటాను?

మొదటి రోజే తలా ఒక నల్లటి ఫ్లాపీ ఇచ్చింది. "రోజు ఏం గీస్తే గది ఈ ఫ్లాపీల దాయాలె. తప్పొచ్చినా తీసెయ్యద్దు. ఎట్ల నేర్సుకున్నవో ఆఖరికి మాలక్ గిండ్లనే చూస్తడు" అంది.

నా తప్పు ఒక్కటే, రోజూ అదే. పువ్వు సగం గీసి, దాన్ని తిప్పి రెండో పక్కన అతికిస్తే పూర్తి పువ్వవుతుంది. తెర మీద గళ్ల వరస ఒక్కొక్కటీ ఒక పోగు. రెండు సగాలకూ నడిమి పోగు ఒక్కటే ఉండాలి. నేను రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ణి, పువ్వు నడుము లావెక్కేది. మగ్గం మీద ఆ లెక్క చేతికే తెలిసేది, తలకు ఎన్నడూ పని పడలేదు.

మాలక్ మా పని చూడటానికి వచ్చే రోజు పొద్దున్నే వెళ్లి ఫ్లాపీ తెరిచాను. చివరి నాలుగు తప్ప వరసగా లావు పువ్వులే. ఇవి చూస్తే పని ఎవడిస్తాడు? నేసిన బట్ట తాను మాలక్‌కు చూపించే ముందు చెడిపోయిన జానెడు ముక్క కోసేయడం మా చేతులకు అలవాటు. ఒక్కొక్కటే తీసేశాను. నిజంగా తీసేయాలా అని కంప్యూటరు అడిగిన ప్రతిసారీ అవునన్నాను. చివరికి నాలుగు చక్కటి పువ్వులు మిగిలాయి.

మాలక్ ఆ నాలుగూ చూశాడు. మొహం చిట్లించాడు.

"ఒక్క తప్పు గూడ లేదేంది? ఎవరి ఫ్లాపీ ఎత్కొచ్చినవ్?"

పిల్ల నావైపు తిరిగింది. "కాకా, మొదటియన్ని యాడ పోయినయ్?"

"తీసేసిన. తప్పులు మాలక్‌కు చూపిస్తరా ఎవలన్న?"

"అయితే ఇప్పుడు నా ముందల ఒకటి గీయి" అన్నాడాయన. నమ్మలేదని గొంతులోనే తెలిసింది. ఇరవై ఏళ్లు ఆయన దగ్గర నేసిన నేను ఒక్క నిమిషంలో దొంగనయ్యాను.

కూర్చున్నాను. సగం గీశాను, తిప్పాను, అతికించాను. పువ్వు నడుము లావుగా వచ్చి కూర్చుంది. అయ్యో, చచ్చాను అనుకున్నాను.

పిల్ల ఒక్కసారి చప్పట్లు కొట్టింది. "గదే మాలక్! మొదటి దినం నుంచి కాకది గిదే తప్పు. ఈ క్లాసుల ఇంకెవ్వలు చెయ్యరు!"

నేను ఎక్కువైన పోగును తీసి పువ్వు సరిచేశాను. అదెలా చేయాలో నాకిప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాలక్ తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఏ పోగు తీశానో మళ్లీ చూపించమన్నాడు. చూపించాను.

"సోమారం నుంచి రా" అన్నాడు లేస్తూ. "తప్పులు కోసేసుకొని రాకు."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గడపలో బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే "ఏమాయె?" అంది.

"మాలక్ ముందల తప్పు చేసిన."

"అదేం కొత్త? పని దొరికిందా, లేదా?"

"దొరికింది. తప్పులు కోసేసుకొని రావొద్దన్నడు" అన్నాను. ఆమె ఒళ్లో చాట పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.