మచ్చల్లేని ఉసిరి

మొన్న జనగామ అంగడిలో కొన్న ఉసిరికాయను కోస్తుంటే, ఆ పచ్చి వగరు వాసనకు చటుక్కున గూడూరులోని మా పెరట్లోకి వెళ్లిపోయాను.

కార్తీకం వచ్చిందంటే అవ్వ, అంటే మా బాపు తల్లి, అక్కడ ముసలి ఉసిరి చెట్టు కింద పేడతో అలికి, చాప పరిచి, వేడన్నం, ముద్దపప్పు, పులిహోర, ఉప్పులో ఊరిన కాయలు వడ్డించేది. నేనూ తమ్ముడూ పళ్లు పులిసేదాకా కాయలు నమిలి, చెంబెడు నీళ్లు తాగి, తియ్యగా ఉన్నాయని ఎగిరేవాళ్లం. కాయలు మాత్రం గోలీలంత, ఏటా వాటి మీద తుప్పు మచ్చలు.

తెగులు తట్టుకుని విరగకాసే రకమని బాపు ఒక అంటుమొక్క తెచ్చి, నాలుగేళ్లు పసిబిడ్డలా సాకాడు. అది పూతకు వచ్చే ఏడు నేను ఏడో తరగతి. తెగులు పక్క చెట్టుకు పాకుతుందని బడిలో విన్నది బాపుకు ఒప్పజెప్పి, ముసలిదాన్ని కొట్టెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

"ఉసిరికి గొడ్డలి పెట్టొద్దు కొడుకా, లచ్చిమి పోతది. జర ఆగు," అంది అవ్వ.

బాపు ఆగలేదు.

కొత్త చెట్టు కొమ్మకొమ్మకూ పూసింది. ఒక్క పిందె నిలవకుండా పూతంతా రాలిపోయింది. మరుసటేడూ అంతే. గంగారం వైపు తండా నుంచి చీపుర్లు అమ్మవచ్చే అక్క చూసి, "ఒంటి ఉసిరి కాయదన్నా. ఇంకో చెట్టు పూత తగలాలె. ఉన్నదాన్ని ఎందుకు కొట్టిన్రు?" అని బాపును అడిగింది. చదువుకున్న పిల్లనని మురిసిపోయిన నేనే రెండు చెట్లనూ చెడగొట్టాను.

బాపు ఇంకో రకం అంటు తెచ్చి నాటాడు. అదీ పూతకు వచ్చాక రెండూ పోటీపడి కాశాయి, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా. ఆ కార్తీకంలో అవ్వ వాటి నీడను వదిలేసి, పాత మొద్దు పక్కన ఎండలోనే చాప వేసుకుంది. మొదటి కాయ తీసుకెళ్లి ఇచ్చాను.

"నువ్వే తిను బిడ్డా. కొట్టుమన్నది నువ్వేనని నాకు గప్పుడే ఎరుక," అంది, నా తల నిమురుతూ.

తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అవ్వ లేదు. మొద్దును చెదలు తినేశాయి, అక్కడ బండలు పరిచారు; కార్తీకంలో చాప వేసేవాళ్లూ లేరు. రెండు చెట్లూ విరగకాస్తూనే ఉన్నాయి. సంచి నింపి పంపుతానని తమ్ముడు ఏటా ఫోన్ చేస్తాడు. నాకు వగరు పడటం లేదని అబద్ధం చెబుతాను.