వీధికి ఒక పక్కే ఇళ్ళు

రంగూన్లో మా పజుండౌంగ్ పేట టీ దుకాణాల్లో కప్పులు చిక్కిపోతున్నాయి. ఆ మాటంటే యజమాని, కప్పు అదేననీ నా చెయ్యే పెరిగిందనీ అంటాడు. నిన్న ఈ వాదన సగంలో ఉండగా పక్క కొట్టు ముందు రిక్షా ఆపి కొబ్బరి తాళ్ళ చుట్టలు దించారు. ఆ పచ్చి పీచు వాసన తగలగానే కప్పు సంగతి మరిచిపోయాను. మా సూర్నారాయణ మాస్టారి ట్యూషను అలాంటి తాళ్ళ కొట్టు మేడమీదే జరిగేది.

మాస్టారు భూగోళమంతా ఒక్క పోలండు పల్లెతో చెప్పేవారు. ఆ పల్లెవాడైన ఓడ ఇంజనీరొకడు, రేవులో తన ఓడ మరమ్మతు అయ్యేదాకా ఆయనతో స్నేహం చేసి, వెళ్తూ వెళ్తూ చేత్తో గీసిన తన ఊరి పటం ఇచ్చిపోయాడట. గోడకి అదే ఉండేది. బర్మా పటంలో పేర్లు మాటిమాటికీ మారుతుంటాయనీ, పోలండు నిలకడైన దేశమనీ మాస్టారి నమ్మకం. ఆ నిలకడైన దేశాన్ని ముగ్గురు ఇరుగుపొరుగు రాజులు పంచుకుంటే నూరేళ్ళకు పైగా అది పటంలోనే లేదని కూడా ఆయనే చెప్పారు.

"మరప్పుడు ఊరెక్కడికెళ్ళింది మాస్టారూ?"

"ఎక్కడికీ ఎల్లలేదురా. దుంపలు తవ్వుకుంటా కూకుంది."

ఊరంటే ఒకటే వీధి. ఎడమ పక్క చెక్క ఇళ్ళ వరస, ఒక్కో ఇంటి వెనకా దాని పొలం సన్నటి పట్టీలా అడవిదాకా. చివర చర్చి. ఇసక నేల. కుడి పక్క మాత్రం ఒట్టి గడ్డి, ఆ వెనక నది.

"ఒరే అప్పన్నా, కుడి పక్క ఇల్లు ఎందుకు లేవు?"

"ఎదురింటాళ్ళ మొహాలు చూళ్ళేక, మాస్టారూ" అన్నాను.

"ఎదవా, అది పల్లంరా. వరదొస్తాది. నేల సెప్తాది, మనిసి ఇంటాడు."

ఆ వాక్యం మాకందరికీ కంఠస్థం. నేను కాలేజీలో భూగోళమే చదివి, పరీక్షలో దాన్ని నా సొంత మాటలా రాసుకున్నాను. మంచి మార్కులే వచ్చాయి.

కొన్నేళ్ళ కిందట, విదేశీయులు రంగూను చూడ్డానికి తెగ వచ్చిన రోజుల్లో, ఒక పోలండు అమ్మాయి మా మసాలా కొట్టుకొచ్చి యాలకులడిగింది. నేను ఆమెకి యాలకులతో పాటు పోలండు నేల స్వభావం కూడా వివరించాను. ఆమె ఆశ్చర్యపోయింది. సరాసరి మాస్టారి మేడకి తీసుకెళ్ళాను.

పటం మీద పేరు చదివి, అది తన అమ్మమ్మ ఊరేనంది. మాస్టారు గబగబా చొక్కా తొడుక్కుని, బెత్తం పట్టుకుని, ఆమె ఊరి గురించి ఆమెకే పూర్తి పాఠం చెప్పారు. ఆమె మర్యాదగా చివరిదాకా వింది. తర్వాత మెల్లగా ఇంగ్లీషులో అంది:

"ఆ నది మోకాలి లోతండీ. ఎప్పుడూ పొంగదు. కుడి పక్క యూదుల ఇళ్ళుండేవి. యుద్ధంలో జర్మను సైనికులు ఒక పొద్దున్న అందర్నీ నడిపించుకుపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. తర్వాత ఇళ్ళని ఊళ్ళోవాళ్ళే విప్పి కలప పట్టుకుపోయారు. మా అమ్మమ్మ వంటింటి తలుపు అక్కడిదే."

బెత్తం కొస గడ్డి మీదే ఆగిపోయింది. నేను అలవాటుగా ఒక జోకు కోసం వెతుక్కున్నాను. లేదు.

ఆమె వెళ్ళాక అడిగాను, "వరదొస్తుందని ఆ ఇంజనీరు చెప్పాడా మాస్టారూ?"

"సెప్పలేదురా. నేనడగలేదు. పటం సూసి నేనే అనుకున్నాను. అంత సక్కగా కుదిరీసింది మరి." బెత్తం గోడకి ఆనించి అన్నారు, "ఎంతమందికి సెప్పీసినాను!"

మర్నాటి నుంచి గొడుగు పట్టుకుని పాత శిష్యుల్ని వెతుక్కుంటూ తిరిగారు. లమ్మడా పేట టోకు కొట్ల మధ్య నిలబడి, ఉల్లిపాయలు తూస్తున్నవాణ్ణి ఆపి, "ఒరే, కుడి పక్క పల్లం కాదు. మనుసులుండేవోరు. నీ పిల్లలకి సెప్పుంటే మల్లీ సెప్పు" అన్నారు. పడవెక్కి నది అవతలున్న దలా ఊరికి కూడా వెళ్ళారు. అక్కడి శిష్యుడు మాస్టారికి మతి తప్పిందనుకుని, ఎండుచేపలు ఇచ్చి జాగ్రత్తగా పడవెక్కించాడు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన నాకు వదిలిన అలవాటు ఒకటుంది: పటంలోనైనా వీధిలోనైనా ఖాళీ కనబడితే నేలని అడగను, ఇరుగుపొరుగుని అడుగుతాను. చాలామంది టీ ఇస్తారు, జవాబివ్వరు.

శిష్యుల కోసం తిరిగిన ఆ రోజుల్లో మాస్టారు ఆఖరున మా కొట్టుకొచ్చారు. నాకు తెలిసిందే అయినా నా ఎదుట కూడా దిద్దాలన్నారు. గల్లా దగ్గర మా పెద్దమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. చాలా ఏళ్ళ కిందట ప్రభుత్వం కొట్లు లాగేసుకున్నప్పుడు మా ఎదురు వరస తెలుగువాళ్ళంతా ఓడెక్కి ఇండియా వెళ్ళిపోయారు, పెద్దమ్మ అన్నదమ్ములతో సహా. ఆవిడ ఉండిపోయింది. ఆ ఇళ్ళ వరండాల్లో ఇప్పుడు వేరేవాళ్ళ బట్టలు ఆరుతున్నాయి. మాస్టారు మాకు ట్యూషను చెప్పిన ఆ మేడ కిటికీలోంచి ఆ వరస మొత్తం కనిపించేది.

మాస్టారు దిద్దుబాటు పాఠం పూర్తి చేసి, తాను అక్కా అని పిలిచే పెద్దమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తప్పు సెప్పీసినాను, అప్పా. ఇప్పుడు సరి సేస్తన్నాను."

పెద్దమ్మ తొడిమ తుంచడం ఆపలేదు.

"పోలండోల్ల గురించి తప్పైనా సెప్పినావు, సూర్నారాయనా. మన ఎదరోల్ల గురించి అదీ సెప్పలేదు."