గట్టుకి పోయిన సెంటు

నా గొంతు వినపడటం లేదని తెనాలి, రేపల్లె స్కూళ్లలో వద్దన్నారు. బాపట్లలో డెమో క్లాసుకి నిలబడేసరికి నాలో ఓపిక లేదు. కరస్పాండెంట్ గారు తలుపు దగ్గరే ఉన్నారు. సగంలోంచి మూడో వంతు తీసివేయడం పాఠం.

"అరెకరంలోంచి, ఎకరంలో మూడో వంతు తీసేస్తే ఎంత మిగులుద్ది?" అని అడిగాను.

"పదిహేడు సెంట్లు టీచర్. యాభైలో ముప్పై మూడు పోతే అంతేగా!" అంది ముందు బెంచీ పాప.

"ముప్పై మూడు చొప్పున మూడు వాటాలకి తొంభై తొమ్మిదే అయింది. ఎకరానికి వంద కదా, ఇంకో సెంటేది?"

"అది గట్టుకి పోద్ది టీచర్!"

క్లాసంతా నవ్వింది. నేనూ గట్టిగానే నవ్వేశాను. బోర్డు మీద ఎకరాన్ని ఆరు సమాన మడులుగా గీశాను. సగానికి మూడు మడులు, మూడో వంతుకి రెండు. మిగిలింది ఒక్క మడి, ఆరో వంతు.

"రేపట్నుంచి రండమ్మా," అన్నారాయన.

అమ్మకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. రైల్లో కూర్చోగానే నిద్రపట్టేసింది.