పొద్దుటి పూట మేస్త్రీ

మా తమ్ముడు లింగప్ప బావులు తవ్వే మేస్త్రీ. నల్లమాడ చుట్టుపక్కల ఏ చేనులో అడిగినా వాడి పేరు చెప్పేవాళ్లు. సమ్మెటతో బండ మీద ఒక దెబ్బ వేసి, ఆ చప్పుడు విని, బండను పేల్చే తూటా ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టేవాడు. వాడికి సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఆ చెవులూ, ఆ పేరూ. వాడి పెళ్లాం సుంకమ్మ నోట్లో నాలుక లేని మనిషి. అందుకని ఆ ఇంట్లో తిట్టే పని కూడా అక్కనైన నా మీదే పడింది. నేను దానికి కొరత చేయలేదు.

పంతొమ్మిది వందల అరవై అయిదులో వాడికి తలనొప్పి పట్టుకుంది. తెల్లారి లేస్తే వాంతులు. నడిస్తే తూలేవాడు. తాగుతున్నాడని ఊరంతా అంది. తాగినవాడి తూలుడు నాకు తెలియదా? నా మొగుణ్ణి చూడలేదా? కదిరిలో రైలెక్కించి, కాట్పాడిలో దింపి, వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. తలలో నీళ్లు పోయే దారి మూసుకుపోయి అక్కడే నిలిచిపోయాయన్నారు. పుర్రెకు చిన్న చిల్లు పెట్టి, సన్నని గొట్టం ఒకటి చర్మం కిందుగా మెడలోకి దించారు. నీళ్లు దానిగుండా నెత్తురులోకి దిగిపోతాయట. చెవి వెనక చింతగింజంత బొడిపె మాత్రం మిగిలింది. ఊళ్లోవాళ్లంతా వచ్చి దాన్ని తాకి చూడబోతే కట్టె పుచ్చుకున్నాను.

తలనొప్పి పోయింది, తూలడం తగ్గింది. అలసట మాత్రం పట్టుకుని వదల్లేదు. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, "అక్కా, రవ్వంతసేపు పనుకుంటా" అనేవాడు. వీధి చివరిదాకా పోతే గోడకు ఆనుకుని కూలబడేవాడు. నలుగురు ఒక్కసారి మాట్లాడితే చెవులు మూసుకునేవాడు. పేర్లు నాలుక దాకా వచ్చి ఆగిపోయేవి. ఒకరోజు నన్ను "సుంకమ్మా" అని పిలిచాడు.

"నేను నీ పెండ్లాన్నయి ఉంటే నువ్వు వేలూరు దాకా పోయేవానివే కాదురా. ఈడనే పోయి ఉంటావు" అన్నాను. పడీ పడీ నవ్వాడు. నవ్విన అలసటకు మళ్లీ పడుకున్నాడు.

బసప్ప చేనులో వాడు మొదలుపెట్టిన బావి సగంలో ఆగి ఉంది. ఆ ఏడు వానలు లేవు. బసప్ప చెడ్డవాడు కాదు గాని, నిమ్మచెట్లు కళ్ల ముందే ఎండిపోతున్నాయి. వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"లింగప్పా, ఎండలు ముదరకముందే నువ్వు రాకుంటే ఇంకో మేస్త్రీని పిలుచుకుంటా. తప్పుగా అనుకోవద్దప్పా."

"వస్తాలే అన్నా" అన్నాడు వీడు. బసప్ప వెళ్లగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. సగంలో వదిలిన బావిని వేరే మేస్త్రీ ముగిస్తే ఇక వీణ్ణి పిలిచేవాళ్లుండరు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అయినా వాడు తేరుకోవడం పోయి ఇంకా నీరసించాడు. పెదాలు పగిలాయి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. సుంకమ్మ కిటికీ పక్కన చెంబునిండా నీళ్లు పెట్టేది. కాసేపటికి చెంబు ఖాళీ. నీళ్లు బాగానే తాగుతున్నాడు కదా, ఏం రోగమిది అని ఇద్దరం తలలు పట్టుకున్నాం.

ఒక పొద్దున ఇంటి వెనక్కి పోయి చూద్దును కదా, ఊళ్లో గడ్డిపరక లేని కాలంలో వాడి కిటికీ కింద గుమ్మడి తీగ పచ్చగా గోడెక్కి పాకుతోంది. పిందెలు కూడా వేసింది.

"ఒరే లింగా, ఈ తీగకు నీళ్లు పోస్తాండేది ఎవరురా?"

"నాకేం తెలుసక్కా?"

"దానికే కాళ్లొచ్చి బాయికాడికి పోయి తాగొస్తాందా?"

వాడు తలగడలో ముఖం దాచుకున్నాడు. "బాయి ఎండల్లంటే ఊట కట్టేయాల గదక్కా. నేను నీళ్లు తాగితే అవి మళ్లా తలలో ఊరవా? ఆ సన్న గొట్టం ఎంతని లాగుతాది పాపం?"

ఇన్నేళ్లు ఊరి వాళ్లకు నీళ్లు పడాలని బండలు పగలగొట్టినవాడు, తన తలను ఎండబెట్టుకుంటున్నాడు! లోపలికి పోయి చెంబు తీసుకుని వాడి ఎదురుగా నిలబడ్డాను. "తాగు. లేకుంటే నేనే పోస్తా, నోట్లో కాదు, నెత్తిన." తాగాడు.

వేలూరులో మళ్లీ చూపించే రోజు వచ్చినప్పుడు నేనే డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నీళ్లు తలలోనే పుడతాయట, తాగే నీళ్లు తగ్గిస్తే అవి తగ్గవట, ఎండిపోయేది ఒళ్లేనట. నలిగిన మెదడు తేరుకోవడానికి నెలలు పడుతుందన్నాడు. అలసిపోయాక కాదు, అలసిపోకముందే పడుకోమన్నాడు. తలనొప్పీ వాంతులూ మళ్లీ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, ఆగకుండా రమ్మన్నాడు.

"అలసిపోకముందే పనుకునేది సోమరోళ్లు గదక్కా" అన్నాడు వీడు రైల్లో.

"నీ కూలోళ్లను అట్ల ఎంతమందిని తిట్టినావో. ఇప్పుడు నువ్వు పనుకో."

నీళ్లు, మజ్జిగ కడుపులో పడ్డాక కళ్లు తిరగడం తగ్గింది. పొద్దుటి పూట పాత లింగప్పే. ఎండెక్కితే వత్తి తగ్గించిన దీపమే. ఆ పొద్దుటి పూటను నమ్ముకునే బసప్ప బావికి పోయాడు. తలకు దెబ్బ తగలకూడదు కాబట్టి పాత దుప్పటి మొత్తం తలపాగాలా చుట్టాను. మన్ను లాగే గంపకు కొత్త తాడు కట్టి ఆదెన్న, వాడి పనివాళ్లలో పెద్దవాడు, "ఎక్కన్నా, పల్లకీ తయారు" అన్నాడు. గంపలో కూర్చుని దిగాడు, బండ మీద కొట్టి విన్నాడు, తూటా పెట్టాల్సిన చోట సున్నపు బొట్టు పెట్టాడు, పైకొచ్చి కానుగ చెట్టు కింద గురక పెట్టాడు.

బసప్పకు మండింది. "నేను పిలిచింది మేస్త్రీనా, పండక్కొచ్చిన అల్లుణ్ణా?"

ఒక మధ్యాహ్నం ఆయన పోరు పడలేక వీడు నిద్ర కళ్లతోనే దిగాడు. బొట్టు పెట్టాడు. తూటా పేలితే గుప్పెడు గులకరాళ్లు లేచాయి, బండ కదల్లేదు. ఆ రోజు పనంతా వృథా. వీడు నేరుగా ఇంటికి వచ్చేశాడు. బసప్ప ఇక పిలవడనుకున్నాను.

మరుసటి పొద్దున వాడే ముందు పోయి గంపలో కూర్చున్నాడు. "దించరా ఆదెన్నా, నిద్ర బాగా పోయినా." వేరే చోట బొట్టు పెట్టాడు. ఈసారి బండ రొట్టె విరిగినట్టు పలకలు పలకలుగా విరిగింది, సందులో చెమ్మ మెరిసింది. ఆ మధ్యాహ్నం బసప్పే ఇంటి నుంచి మంచం మోయించుకొచ్చి కానుగ కింద వేయించాడు.

బావిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాక, కదిరి దగ్గరి చెన్నప్ప వెతుక్కుంటూ వచ్చాడు.

"లింగప్పా, నా చేన్లో బాయి తవ్వల్ల. కానీ నువ్వు పగలు నిద్రపోతావంట గదప్పా?"

వీడు దాచలేదు. "పోతాన్నా. ఎండెక్కేదాకా నీ పని. ఆ తర్వాత నేను పనుకుంటా. ఇల్లు కాలినా లేపకూడదు. మంచం నువ్వే వేయాల. ఇష్టమైతే చెప్పు."

చెన్నప్ప తలగోక్కుని, మా బసప్ప చేను వైపు ఒకసారి చూశాడు.

"నులక మంచమా, నవారు మంచమా?" అన్నాడు.

"నవారుది" అన్నాడు మా తమ్ముడు.