సుబ్బులు పాకలో గేదె

నాచారంలో హెచ్.ఎం.టి. నగర్ వెనక సందులో ఒక రెండంతస్తుల ఇల్లుంది. నవంబరు వచ్చిందంటే దాని మెట్ల మీద వరిగడ్డి వాసన వేస్తుంది. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగినప్పుడు వచ్చే మందుల ఘాటు ఆ సందుకి అలవాటే. దాన్ని కూడా వెనక్కి నెట్టి వస్తుంది ఆ గడ్డి వాసన. పై వాటా తలుపు తీసే ఉంటుంది. లోపల చాప మీద సుబ్బులు, ఆమె చుట్టూ జానెడు ఎత్తున పశువుల పాకలు. క్రిస్మస్‌కి ఇళ్ళల్లో పెట్టుకునే పాకలు.

"చెప్పులు అటు విసరకండి, పాక మీద పడతాయి. ఇటు రండి. గడ్డి పక్కకి నెట్టి కూర్చోండి" అంది నన్ను చూడకుండానే.

ఒక పాక కొనుక్కుని వచ్చేద్దామని వెళ్ళినవాణ్ణి ఆ పూటంతా కూర్చున్నాను. ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను.

ఆమె పాకకి గోడలు కొబ్బరి ఈనెలు. కప్పు ఎండుగడ్డి. గడ్డి తెచ్చేది ఆమె భర్త త్రిమూర్తులు. బోడుప్పల్ అవతల ప్లాట్లు కాకుండా ఇంకా మిగిలిన నాలుగు మడుల నుంచి మోపు కట్టి బండి వెనక పెట్టుకొస్తాడు. మందుల కంపెనీలో ప్యాకింగు పని ఆయనది. షిఫ్టులు తగ్గించాక వారానికి మూడు రోజులే పిలుస్తున్నారు. మిగతా రోజులు ఇంట్లో ఈనెలు చీరుతాడు.

"ఈయన చీరితే సగం పుల్లలు, సగం చీపురండి" అని సుబ్బులు ఎగతాళి.

"ఆ చీపురు కూడా నువ్వే వాడుతున్నావుగా" అని ఆయన జవాబు.

గడ్డి కప్పేటప్పుడు మాత్రం ఆయన్ని ముట్టనివ్వదు. కింది వరస ముందు, దాని మీదికి సగం వచ్చేలా పై వరస, చివరికి రెండు వాలులూ కలిసే చోట నడికొప్పు. తిరగేసి కప్పితే వాన లోపలికి దిగుతుందట.

"టీవీ పక్కన పెట్టుకునే పాక మీద వానెక్కడ పడుతుందండీ?" అని అడిగాను.

"పడకపోతే మాత్రం? తప్పుగా కప్పుతామా?" అంది.

ఆ మాటతోనే ఆమె నాకు సగం అర్థమైంది. మిగతా సగం గేదె దగ్గర అర్థమైంది. అది చెబుతాను.

సుబ్బులుది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. క్రిస్మస్ వాళ్ళింటి పండగ కాదు. ఈ పని ఆమెకి అంటించింది ఎదురు వాటా స్వర్ణలత. స్కూల్లో టీచరు. ఆదివారాలు ఉప్పల్ వైపున్న వాళ్ళ చర్చిలో పిల్లలకి పాఠాలు చెబుతుంది. రెండేళ్ళ కింద వాళ్ళింట్లో పాత పాక కప్పు ఊడిపోతే తీసుకొచ్చి, "అక్కా, గడ్డి పని నీకు వస్తదంటివి గద, జర చూడు" అంది. సుబ్బులు చూసింది. అది బాగుచేయడం కంటే కొత్తది కట్టడం తేలికనిపించింది. కట్టింది. అది చూసి చర్చి వాళ్ళు పన్నెండు మంది మాకూ కావాలన్నారు. షిఫ్టులు తగ్గిన ఇంటికి అది వరదలో చేతికందిన కొమ్మలాంటిది, పట్టుకుంది.

ఆ పన్నెండూ తప్పుగా చేసింది. పాతగుడ్డ చుట్టి, దారం బిగించి, బొటనవేలంత పసిబిడ్డను చేసింది. పాకలో పశువులు మేత తినే తొట్టిలో పడుకోబెట్టి జిగురుతో గట్టిగా అతికించేసింది. స్వర్ణలత చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో అక్కా, గిదేంది! బాబును గప్పుడే పండవెట్టినవ్? ఇరవై నాలుగు దాంక మా ఇళ్ళల్ల తొట్టి ఖాళీగనే ఉంటది. పుట్టినంక పెడ్తం. పుట్టకముందే ఎట్ల పెడ్తం?"

సుబ్బులు బిత్తరపోయింది. "మా వైపు ఖాళీ ఉయ్యాల ఊపనివ్వరే! ఖాళీగా ఉంచితే పిల్లలకి మంచిది కాదంటారు. పండగ పూట ఒకరింటికి ఖాళీ తొట్టి ఎలా పంపిస్తాను? అందుకే, ఎక్కడా ఊడకుండా ఇంత జిగురు పెట్టాను!"

తప్పు తనదని తెలిశాక వాదించలేదు. బ్లేడు పట్టుకుని పన్నెండు మంది బిడ్డల్ని ఒక్కొక్కరినీ లేపింది. గుడ్డ చిరిగిన వాళ్ళకి కొత్త గుడ్డ చుట్టింది. తర్వాత ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క అగ్గిపెట్టెలో పడుకోబెట్టి, పాకతో పాటు విడిగా ఇచ్చింది. "మీ రోజు వచ్చాక మీరే తీసి పెట్టుకోండి" అని. ఆ అగ్గిపెట్టె ఇప్పుడు ఆమె గుర్తు. చర్చిలో పిల్లలు డిసెంబరంతా దాన్ని తెరిచి చూసి, ఇంకా నిద్రపోతున్నాడని మూసేస్తారట.

ఇక గేదె. పాకలో బిడ్డ తల్లి మరియమ్మకి దర్జీ దగ్గర మిగిలిన నీలం ముక్క చీర, ఆమె భర్త యోసేపుకి తలపాగా. వాళ్ళ వెనక, గోడకి ఆనుకుని, గేదె. పాత గొడుగు గుడ్డతో కుడుతుంది దాన్ని. ఆ గుడ్డకి నిగనిగ ఉంటుంది, అప్పుడే చెరువులోంచి లేచినట్టు. కొమ్ములు తీగకి నల్లదారం చుట్టి వెనక్కి వంచుతుంది. తల మాత్రం తొట్టి వైపు తిరిగి ఉంటుంది, మూతి తొట్టి అంచుకి తగిలేంత దగ్గరగా.

మొదటేడు ఎవరూ ఏమీ అనలేదు. పోయిన డిసెంబరు రెండో వారంలో శశిధర్ వచ్చాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో గిఫ్టు షాపు ఆయనది. ఎవరింట్లోనో పాక చూసి వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి సుబ్బులు నలభై కట్టి ఉంచింది. మంచం కింద, గూట్లో, బట్టల బీరువా మీద, ఎక్కడ చూసినా పాకలే.

"మస్తు చేసిన్రమ్మా. ఫార్టీ ఉన్నయా? ఫార్టీకి ఫార్టీ నేనే తీస్కుంట. శనివారం ట్రాలీ ఆటో పంపిస్త" అన్నాడు. సుబ్బులు ముఖం వెలిగింది. ఆయన వంగి ఒక పాకలోకి చూశాడు. "కానీ జర, ఈ బర్రెను తీసేయండి."

"ఎందుకండీ?"

"ఎందుకేందమ్మా? క్రిస్మస్‌ల బర్రె ఏంది! మా కస్టమర్లు నవ్వుతరు. నేను గొర్రెపిల్లలు ఇస్త, ప్లాస్టిక్‌వి, తెల్లగ ముద్దుగ ఉంటయి. అవి పెట్టండి."

"మీరు కొంటోంది పాకండి. పాకలో గేదె ఉండదా?"

"ఇది డెయిరీ ఫాం కాదమ్మా!"

"గొర్రెలు కావాలంటే గొర్రెలే అమ్ముకోండి. నా పాకలో గేదె ఉంటుంది."

శశిధర్ నవ్వేశాడు, కోపం తెచ్చుకునే మనిషి కాదు. "ఆలోచించుకోండమ్మా. శనివారం ఆటో అయితే వస్తది" అని, నమూనాకి ఒక గొర్రెపిల్లను గడప మీద పెట్టి వెళ్ళాడు.

సుబ్బులు చేసిన మొదటి పని ఎదురింటి తలుపు తట్టడం. నిరుడు బిడ్డ విషయంలో తప్పు చేసింది కదా, ఇదీ తప్పేమో తేల్చుకోవాలి. తప్పయితే నలభై గేదెలనీ తనే విప్పేస్తానంది.

"లతా, మీ వాక్యంలో ఆ పాకలో ఏ పశువుందో చూసి చెప్పవే."

స్వర్ణలత బైబిలు తీసి ఆ చోటు ఒకసారి పైకి చదివింది. మళ్ళీ లోపల చదువుకుంది. "తొట్టి ఉంది అక్కా. బయట గొర్రెల కాపరులు ఉన్నరు. తొట్టి కాడ ఏ పశువుందో మాత్రం రాయలే."

"ఎద్దు?"

"లే."

"గాడిద?"

"గది గూడ లే. బొమ్మల్లనే పెడ్తరు."

"గేదె లేదని రాసుందా?"

స్వర్ణలత పకపకా నవ్వింది. "గట్ల ఎవరు రాస్తరక్కా!"

"అంతే. చాలు" అని వచ్చేసింది సుబ్బులు.

త్రిమూర్తులుకి మాత్రం చాలలేదు. ఆయన్ని తప్పుపట్టలేం. నలభై పాకలు, నెలన్నర చాకిరీ, ఇద్దరి వేళ్ళ నిండా ఈనె గీతలు. "ఇరవై నాలుగు దాటితే ఇదంతా ఏంటో తెలుసా? గడ్డి. అదీ జిగురు పట్టిన గడ్డి, ఏ పశువూ ముట్టదు. కాళ్ళ దగ్గరకి వచ్చిన బేరం, ఒక గుడ్డ గేదె కోసం పోగొట్టుకుంటావా?" అన్నాడు. శనివారం పొద్దున, ఆమె కిందికి నీళ్ళకి వెళ్ళినప్పుడు, తనే కత్తెర తీసుకుని ఒక పాకలో గేదె కాళ్ళ దగ్గర కుట్టు తెంపాడు. గేదెను బయటపెట్టి, అక్కడ శశిధర్ గొర్రెపిల్లను నిలబెట్టాడు.

సుబ్బులు బిందె దించుతూ చూసింది. అరవలేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆ పాకను చూశారు.

"ఎలా ఉంది?" అంది.

"ఎవరి పాకో లాగుంది" అన్నాడు ఆయన.

అప్పుడు చెప్పింది ఆమె. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకీ తెలియని మాట. తన తమ్ముడు పుట్టింది పాకలో. గోదారి పొంగి ఇళ్ళల్లోకి నీళ్ళొస్తే, మెరక మీదున్న పశువుల పాక ఒక్కటే ఆరి ఉంది. అమ్మకి అక్కడే నొప్పులొచ్చాయి. పడవ రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వాన, ఈదురుగాలి. ఉన్న బట్టలన్నీ తడిసిపోయాయి. మంత్రసాని కూడా లేదు, నాయనమ్మే. ఆవిడ బిడ్డను గడ్డిలో చుట్టి, పడుకున్న గేదె పొట్టకి ఆనించి పెట్టింది. ఏడేళ్ళ సుబ్బులు పని, ఆ గేదె లేవకుండా దాని మెడ నిమురుతూ కూర్చోవడం.

"ఒకటిన్నర రోజు లేవలేదండి అది. దాని ఊపిరి వేడిగా వచ్చి వాడి మొహానికి తగిలేది. ఆ వేడికే బతికాడు వాడు. పాకలో బిడ్డ పుట్టడమంటే ఏంటో ఆ షాపాయనకేం తెలుసు? ప్లాస్టిక్ గొర్రె ఊపిరి పీలుస్తుందా?"

త్రిమూర్తులు గొర్రెపిల్లను తీసి పక్కన పెట్టాడు. సూదిలో నల్లదారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి, ఆమె చేతికిచ్చాడు. గేదెను మళ్ళీ కుట్టింది. పదకొండింటికి ట్రాలీ ఆటో వచ్చి హారన్ కొట్టింది. త్రిమూర్తులే కిందికి వెళ్ళాడు. గొర్రెపిల్లను డ్రైవరు చేతిలో పెట్టి, "మీ సామాను ఇదే బాబూ, జాగ్రత్తగా ఇవ్వు" అని ఖాళీ ఆటోని పంపేశాడు.

మర్నాడు ఆదివారం. స్వర్ణలత చర్చి కాంపౌండులో ఒక టేబులు ఇప్పించింది, కేకులమ్మే వాళ్ళ పక్కన. నలభై పాకలూ రెండు ట్రిప్పుల్లో మోశారు. ఆరాధన అయి జనం బయటికి వస్తుండగా, కమిటీ పెద్ద జనార్ధనరావు టేబులు ముందు ఆగాడు. రైల్వేలో రిటైరైన మనిషి. కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఏంటమ్మా ఇది? గేదె ఎందుకొచ్చింది? వాక్యంలో ఎక్కడైనా ఉందా?"

"ఎద్దు ఎక్కడుందో చెప్పండి బాబుగారూ. ఇప్పుడే తీసేస్తాను గేదెను."

ఆయన నోరు తెరిచాడు. ఏదో వెతుక్కున్నట్టు పైకి చూశాడు. చుట్టూ నలుగురు ఆగారు. వెనక నుంచి ఎవరో కుర్రాడు, "అంకుల్, పరీక్ష పెట్టింది!" అన్నాడు. జనార్ధనరావు వాణ్ణి కళ్ళతోనే అణిచి, "చూసి చెబుతాను" అని వెళ్ళిపోయాడు.

నాగారం నుంచి వచ్చిన ఒక పెద్దామె టేబులు మీదికి వంగి, గేదె వీపు మీద వేలితో రాసింది. "మా బర్రె గిట్లనే చూస్తుండె" అంది. రెండు పాకలు తీసుకుంది, ఒకటి తనకి, ఒకటి కూతురికి. తీసుకున్న వాళ్ళు అలాగే తీసుకున్నారు. "గేదె లేనిది ఉందా?" అని అడిగిన వాళ్ళూ ఉన్నారు. "లేదండి" అంది సుబ్బులు. వాళ్ళు వెళ్ళిపోయారు. త్రిమూర్తులు వాళ్ళు వెళ్ళే వైపు చూసేవాడు, ఆమె చూసేది కాదు.

ఆ ఆదివారం, ఆ తర్వాతి ఆదివారం కలిపి ముప్పై ఒకటి అమ్ముడై, తొమ్మిది మిగిలాయి.

ఇరవై మూడో తారీఖున శశిధర్ ఫోను. నేను అక్కడే ఉన్నాను, స్పీకరు పెట్టింది.

"అమ్మా, ఎన్ని మిగిలినయ్? ఉన్నయి ఉన్నట్టే పంపించుండ్రి. బర్రె సంగతి మీకు ఫికర్ వద్దు, మేమే తీసేస్కుంటం."

"మీరు తీసేస్తారా?"

"కొన్నంక మా ఇష్టమే గదమ్మా!"

"అందుకే అమ్మనండి" అని పెట్టేసింది. త్రిమూర్తులు నా వైపు చూసి, "నిన్నటిదాకా ఈవిడ దగ్గర నేనొక్కణ్ణే ఓడిపోయాననుకున్నాను" అన్నాడు.

ఇరవై నాలుగు సాయంత్రం స్వర్ణలత తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరుతూ ఇటు తొంగిచూసింది. బీరువా మీద తొమ్మిది పాకలు వరసగా ఉన్నాయి. సుబ్బులు స్టూలు మీద నిలబడి ఉంది. కొంగులో తొమ్మిది అగ్గిపెట్టెలు.

"పెట్టొచ్చా లతా?"

"ఇంకా టైముంది అక్కా."

"తొమ్మిది మందిని పడుకోబెట్టాలి. నాకు టైం పడుతుంది" అంటూ మొదటి పెట్టె తీసింది. "ఖాళీ తొట్టి నా ఇంట్లో ఉంచను. మీ రోజు వచ్చిందాకా ఆగాను, చాలదా?"

ఈ మధ్య, ఫిబ్రవరిలో, అటు వెళ్తే అప్పుడే మళ్ళీ గడ్డి వాసన. నవంబరు దాకా ఆగదట ఈసారి. చాప మీద పాత గొడుగులు మూడు, ఊచలు ఊడదీసి ఉన్నాయి. గేదె పక్కన ఇంకేదో, దానికి మోకాలెత్తున, సన్నటి కాళ్ళతో నిలబడి ఉంది.

"దూడండి" అంది సుబ్బులు, దారం పళ్ళతో తెంపుతూ. "ఈ ఏడు దీన్ని కూడా పెడుతున్నాను. ఎవడొచ్చి తియ్యమంటాడో రమ్మనండి."